వీర్రాజు బట్టీకి పెట్టిన పరీక్ష

విశాఖపట్నంలో చలికాలం థర్మామీటరు కంటే ముందు మనుషుల తలకాయల మీద కనిపిస్తుంది. పాదరసం ఇంకా ఇరవై డిగ్రీల దగ్గర తటపటాయిస్తూ ఉండగానే వన్‌టౌన్ సందుల్లో మంకీ క్యాపులు తిరగడం మొదలుపెడతాయి. ఏడాదిలో పది నెలలు ఉక్కపోతను తిట్టుకుంటూ బతికే ఊరు, మిగిలిన రెండు నెలలూ చలిని తిట్టుకోవడంలో అపారమైన ఆనందాన్ని అనుభవిస్తుంది. సుందర్ రాజ్ ఈ వైరుధ్యాన్ని ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్నాడు. గమనిస్తూనే తానూ మఫ్లరు చుట్టుకుంటున్నాడు. తన మఫ్లరు చలికి లొంగిపోవడం వల్ల వచ్చినది కాదనీ, డెబ్బైకి దగ్గరపడిన గొంతుకు అది శాస్త్రీయమైన రక్షణ అనీ ఎవరైనా అడిగితే చెబుదామని సిద్ధంగా ఉంటాడు. ఎవరూ అడగరు.

ఆయన ఉద్యోగ జీవితమంతా ఉక్కు కర్మాగారం ప్రయోగశాలలో గడిచింది. ఉక్కులో కర్బనం ఎంత, గంధకం ఎంత అని తేల్చి చెప్పడం ఆయన పని. పదవీ విరమణ తరవాత ఆ పనిని లోకమంతటికీ విస్తరించాడు. విగ్రహం పాలు తాగిందన్నా, ప్రార్థనతో పొట్టి కాలు పొడుగైందన్నా, పచ్చరాయి ఉంగరంతో ట్రాన్స్‌ఫర్ ఆగిపోయిందన్నా, "ఎవరు చూశారు? ఎన్నిసార్లు? ఏ పరిస్థితుల్లో?" అనే మూడు ప్రశ్నలతో ప్రత్యక్షమయ్యేవాడు. మతాల మధ్య ఏనాడూ వివక్ష చూపలేదు. అందువల్ల అన్ని మతాలవాళ్లూ ఆయనను చూసి సమానంగా వీధి మారేవారు.

ఆయన భార్య జయమణి మాత్రం వీధి మారే అవకాశం లేని మనిషి. చర్చి స్త్రీల సమాజంలో ఆమె మాటకు తిరుగులేదు. పెళ్లైన కొత్తలోనే ఇద్దరికీ ఒక ఒడంబడిక కుదిరింది. ఆయన చర్చికి రాడు, ఆమె రమ్మనదు. దానికి బదులుగా డిసెంబరులో కేకు పిండి డబ్బాను వీర్రాజు బేకరీకి మోసుకుపోయి, కాల్పించుకుని ఇంటికి తేవడం ఆయన వంతు.

అది ఆ పేటలో పాత ఆచారం. పిండి ఎవరింట్లో వాళ్లు కలుపుకుంటారు. కాల్చేది మాత్రం వీర్రాజు కట్టెల బట్టీలో. రాత్రంతా సరుగుడు కట్టెలు మండించి, తెల్లవారుజామున బొగ్గులు బయటికి లాగేసి, తడి గోనెతో లోపలి నేల తుడిచి, ముందు బ్రెడ్డు, ఆ తరవాత బన్నులు కాలుస్తారు. బట్టీ కాస్త శాంతించాక కేకుల వంతు; వీర్రాజు డబ్బాలను పొడవాటి చెక్క తెడ్డు మీద లోపలికి తోస్తాడు. ఒకరి డబ్బా ఇంకొకరింటికి పోకుండా ప్రతిదానికీ గుర్తు ఉంటుంది. కొందరు రంగు దారం కడతారు. కొందరు పిండి మీద జీడిపప్పు బద్దలతో ఇంటిపేరు అక్షరం పేరుస్తారు. హార్బరులో టగ్గు పడవ నడిపి రిటైరైన, జయమణికి తమ్ముడి వరసైన హెన్రీ ఎండుద్రాక్షతో లంగరు బొమ్మ వేస్తాడు; కాలి పొంగేసరికి అది తేలులా తయారవుతుంది; ఏటా దాన్ని చూసి అందరూ నవ్వుతారు.

కేకు కాలేదాకా ఇంటికి పోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. బేకరీ ముందున్న పొడవాటి చెక్క బల్ల మీద, బట్టీ గోడకు వీపు ఆనించి కూర్చోవడమే ఆ నెలలో అసలు పండుగ. వీపుకు వెచ్చదనం, ముఖానికి సముద్రపు చలిగాలి. సందు చివర పొగమంచులో పోర్టు క్రేన్ల మెడలు మాత్రమే కనిపిస్తాయి. ఉడికించిన తేగల బండి వస్తుంది. గురువారమైతే కనకమహాలక్ష్మి గుడి నుంచి తిరిగివచ్చే ఆడవాళ్లు బొట్టు ఆరకముందే వేడి బన్నులకు నిలబడతారు. చేపల గంప ఖాళీ చేసుకుని వచ్చిన కాసులమ్మ టీలో బన్ను ముంచుకు తింటూ, అక్కడున్న ప్రతి మగవాడి మీదా వ్యాఖ్యానం చేస్తుంది. సుందర్ రాజ్ ఇవేవీ తనకు ఇష్టమని ఒప్పుకోడు. భార్యకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానంటాడు. కానీ ఆయన ఎవరినీ రుజువు అడగకుండా కూర్చోగలిగేది ఏడాది మొత్తంలో ఆ బల్ల మీదే.

ఆ బల్ల దగ్గరికే ఈ డిసెంబరు రెండో వారంలో సత్యశ్రీ వచ్చి చావు కబురు చల్లగా చెప్పింది. సత్యశ్రీ వీర్రాజు కూతురు. హోటల్ మేనేజిమెంటు చదివి, హైదరాబాదులో పెద్ద హోటలు వంటశాలలో పనిచేసి, తండ్రికి సాయంగా వచ్చేసింది. వస్తూనే వెనక గదిలో కరెంటు ఓవెను పెట్టించింది.

"ఈ క్రిస్మస్సే ఆఖరండీ," అంది. "నాన్నకి భుజం లేవడం లేదు. తెడ్డు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పేశారు. జనవరిలో బట్టీ కొట్టించేస్తాం. వచ్చే ఏడు నుంచి మీరు డబ్బా ఇచ్చేసి హాయిగా ఇంటికెళ్లిపోవచ్చు. కేకు అవగానే మెసేజ్ పెడతాం. ఇంత చలిలో కూర్చోవలసిన పనే ఉండదు."

చలిలో కూర్చోవలసిన పని లేకపోవడం ఒక సౌకర్యమని ఆ పిల్ల మనస్ఫూర్తిగా నమ్మింది. బల్ల మీద ముందుగా తేరుకున్నది హెన్రీ.

"ఏటమ్మా సత్యా, అలగంటావు? కరెంటు పెట్లో కాల్సింది ఏటి కేకు? ఇస్త్రీ సేసిన బ్రెడ్డు అది. సరుగుడు పొగ వాసన తగలకపోతే క్రిస్మస్ కేకెలాగవుద్ది?"

సుందర్ రాజ్ ఆ క్షణంలో ఊరుకుని ఉండవలసింది. ఊరుకోవడం ఆయనకు అలవాటు లేని విద్య.

"హెన్రీ, కేకు డబ్బా లోపలికి వెళ్లేసరికి బట్టీలో నిప్పే ఉండదు. బొగ్గులు ఎప్పుడో లాగేస్తారు. లేని నిప్పుకు పొగ ఎక్కడిది?"

"గోడల్లో ఉంటాది బావా. వీర్రాజు తాత నాటి పొగ."

"కళ్లు మూసుకుని ఎప్పుడైనా పోల్చి చూశావా?"

"పోల్సీదేటి? నోరుంది కదేటి నాకు!"

"నోరు ఉండటం సాక్ష్యం కాదు. నువ్వు తింటున్నది కేకును కాదు, నీ నమ్మకాన్ని."

సత్యశ్రీ కళ్లు మెరిశాయి. "బాగా చెప్పారంకుల్! పరీక్ష పెట్టండి. ఒకే పిండి, ఒకటి బట్టీలో, ఒకటి కరెంటు ఓవెన్లో. మీకు తేడా తెలిసిందా, బట్టీ మీద చెయ్యి వెయ్యను. తెలియలేదా, ఇంక దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు."

అందరూ సుందర్ రాజ్ వైపు తిరిగారు. కాసులమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఓలమ్మో! ఈ బాబు నోరు తెరిసినాడంటే ఎవులికో ఒకలికి మూడినట్టే. ఇన్నాళ్లూ సాములోరికీ, సోది సెప్పీవోలికీ మూడేది. ఈపాలి బట్టీకి మూడింది."

ఇంటికి నడిచి వెళుతున్నప్పుడు గానీ ఆయనకు తాను చేసిన పని పూర్తిగా అర్థం కాలేదు. కట్టెల వేడికీ కరెంటు వేడికీ కేకులో తేడా ఉండదని ఆయనకు దాదాపు నిశ్చయంగా తెలుసు. అంటే పరీక్ష ఫలితం కూడా దాదాపు తెలుసు. ఆ ఫలితంతో పాటు బల్లా, వీపు వెనక వెచ్చటి గోడా, కాసులమ్మ నోరూ అన్నీ పోతాయి. న్యాయంగా వాదించి తన కొంప తానే వేలానికి పెట్టుకున్నట్టయింది.

"మీరే అన్నారటగా," అంది జయమణి, గిన్నెలో ఎండుద్రాక్ష కలుపుతూ. ఆ కబురు ఆయన కంటే ముందే ఇంటికి చేరింది.

"సత్యం ఏదో తేలాలి కదా."

"తేలితే ఏటొస్తాది?"

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర మంచి జవాబులు చాలా ఉన్నాయి. సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవే. వాటిని పక్కనపెట్టి, పరీక్ష నియమాలు రాయడానికి కాగితం వెతుక్కున్నాడు.

పరీక్షకు జయమణి పిండే ఎంపికైంది. విధానం మాత్రం సుందర్ రాజ్‌ది. ప్రతివాడికీ మూడు ముక్కలు ఇస్తారు. రెండు ఒక డబ్బాలోవి, ఒకటి రెండో డబ్బాలోది. వేరుగా ఉన్న ముక్క ఏదో చెప్పాలి. ఇంతవరకూ సులువే. చిక్కల్లా కళ్లకు గంతలు కట్టాలా వద్దా అన్న దగ్గర వచ్చింది. బట్టీలో కాలిన కేకు పైభాగం కాస్త నల్లబడుతుంది. కళ్లు తెరిచి ఉంటే ఎవరైనా గుర్తుపడతారు, బట్టీ బతుకుతుంది. గంతల సంగతి ఆయన ఎత్తకపోతే ఇంకెవరికీ తట్టదు. రెండు రోజులు ఆయన ఆ మాట ఎత్తకుండా గడిపాడు. మూడో రోజు ఉదయం పళ్లు తోముకుంటూ ఉండగా అంతరాత్మ నురగతో సహా బయటికి వచ్చింది.

"అందరూ కళ్లకు రుమాళ్లు కట్టుకోవాలి."

జయమణి ఆయనకు తువ్వాలు అందించింది. "కళ్లు మూసుకుని ప్రార్థన చెయ్యండి అంటే నలభై ఏళ్లుగా మూయలేదు. కేకు ముక్క కోసం మూస్తారన్నమాట."

గురువారం పొద్దున్న పరీక్ష. గుడి నుంచి వచ్చే జనంతో కౌంటరు కిటకిటలాడుతోంది కాబట్టి కాల్చే పని వీర్రాజుకు వదిలేసి సత్యశ్రీ ముందు నిలబడింది. తెల్లదారం కట్టిన డబ్బా బట్టీకి, ఎర్రదారం కట్టినది కరెంటు ఓవెనుకు. రద్దీ తగ్గి, కేకులు చల్లారాక, ఆమె తెర వెనక ముక్కలు కోసి, పేపరు ప్లేట్లలో సర్దింది. ఏ ప్లేటులో ఏది వేరో ఆమెకొక్కదానికే తెలుసు.

రుచి చూసేవాళ్లు ఏడుగురు. రుమాళ్లు కట్టుకుని బల్ల మీద వరసగా కూర్చున్న వాళ్లను చూసి రోడ్డు మీద పోయే ఆటోలు ఆగాయి. హెన్రీ రుమాలు కింద నుంచి తొంగిచూడబోతే జయమణి నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

"అక్కా, నాను సూడట్లేదు, గోక్కుంటన్నాను!"

"గోక్కోడానికి కన్నే దొరికిందా?"

హెన్రీ మొదటి ముక్క తిని, "ఇదే! పొగ! మా అమ్మ గుర్తొచ్చీసింది," అని కళ్ల నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. తప్పు. నర్సుగా పనిచేసి మానేసిన రోజలిన్, "ఏమో, ఈ ముక్క పెద్దగా ఉన్నట్టుంది, ఇదే అనుకోండి," అంది. సరైనదే. కాసులమ్మ మూడూ ఒకేసారి నోట్లో వేసుకుని, తరవాత ఏది ఏదని అడిగింది. లెక్కకు ఏదో ఒకటి చెప్పమంటే చెప్పింది. తప్పు. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసిన గురునాథరావు మూడింటినీ నెమ్మదిగా నమిలి, మంచినీళ్లు తాగి, మళ్లీ నమిలి, "మూడూ ఒకటే సార్," అన్నాడు.

"అలా అనడానికి వీల్లేదు," అన్నాడు సుందర్ రాజ్, గంతల వెనక నుంచి. "ఒకటి వేరు. అది ఏదో మీరు ఎంచాలి. నియమం."

"లేని తేడా ఎలా చెప్పమంటారు?"

"నియమం, గురునాథరావు గారూ."

గురునాథరావు ఉద్యోగకాలంలో చాలా నియమాలు చూసినవాడు. నిట్టూర్చి, మధ్య ముక్క మీద వేలు పెట్టాడు. తప్పు. మిగతా ఇద్దరూ తప్పే.

సుందర్ రాజ్ ఆఖరివాడు. మొదటి ముక్కలో జయమణి చేతి దాల్చిన చెక్క. రెండో ముక్కలోనూ అదే. మూడో ముక్క నాలుక మీద పడగానే ఆయన నమలడం ఆపేశాడు. ఇందులో ఏదో లేదు. మొదటి రెండింటిలోనూ ఉన్నది, ఇందులో లేదు. మళ్లీ మొదటి ముక్క అంచు కొరికాడు. ఉంది. పల్చగా, అంగిలి వెనక, తడి సరుగుడు కట్టె మొదటిసారి అంటుకున్నప్పటి వాసన. సందేహం లేదు. ఉక్కులో గంధకం ఎంతో చెప్పేటప్పుడు కూడా ఆయనకు ఇంత నిశ్చయం ఎప్పుడూ కలగలేదు.

"మూడోది," అన్నాడు. "మూడోది కరెంటుది. మిగతా రెండింటిలో పొగ ఉంది."

"కరెక్టంకుల్," అంది సత్యశ్రీ.

ఆయన గంతలు విప్పేశాడు. వెలుతురుకు కళ్లు చెమర్చాయి. వెలుతురుకే. "చూశావా? తేడా ఉంది! నాకు తెలిసింది!"

సత్యశ్రీ ముఖంలో జాలి కనిపించింది. "ఏడుగురిలో ఇద్దరు, అంకుల్. మూడింట్లో ఒకటి గుడ్డిగా ఎంచినా ఏడుగురిలో ఇద్దరికి తగులుతుందని మొన్న మీరే నాకు లెక్క కట్టి చూపించారు. పైగా, రంగు చూడండి, రెండు కేకులూ ఒకేలా కాలాయి."

"రోజలిన్ ఊహించి చెప్పింది. నేను రుచి చూసి చెప్పాను."

"గట్టిగా అనిపించడం రుజువు కాదని కూడా మీరే చెప్పారు కదండీ."

ఆయన చుట్టూ చూశాడు. అందరి ముఖాల్లోనూ ఒకే రకమైన మర్యాద. ఫోటో ఫ్రేములోంచి విభూతి రాలిందని చెప్పే మనిషి ముందు నిలబడి తాను ఇన్నేళ్లూ వేసుకున్న ముఖం అది. ఎదుటి వైపు నుంచి దాన్ని చూడటం ఆయనకు ఇదే మొదలు.

"మీరు నమ్మరేం? నా నాలుకకు తగిలింది! నేను అబద్ధమాడుతున్నానా?"

హెన్రీ లేచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, గంభీరంగా అన్నాడు: "ఆదివారం సాక్ష్యం సెప్పీవోల గొంతు అచ్చం ఇదే బావా. ఆమెన్."

బల్ల అంతా ఘొల్లుమంది. సత్యశ్రీ కూడా నవ్వింది గానీ, మేస్త్రీకి ఫోను చేయడానికి లోపలికి వెళ్లింది.

నవ్వులు తగ్గుతుండగా వెనక గది తలుపు సందులోంచి వీర్రాజు సైగ చేశాడు. "సారూ, ఓపాలి ఇలగొస్తారా?"

బట్టీ దగ్గర ఇద్దరే నిలబడ్డారు. వీర్రాజు కుడి భుజాన్ని ఎడమ చేత్తో నొక్కుకుంటూ తల దించుకున్నాడు.

"పొద్దున్న కరెంటు పోనాది సారూ. ముందర లైట్లు ఇన్వర్టరు మీద ఎలుగుతన్నాయి, అమ్మాయికి తెల్దు. ఓవెను ఇన్వర్టరు మీద నడవదు. ఎర్రదారం డబ్బా నా సేతిలో ఉంది. కలిపిన పిండి ఆగదు కదేటి? పొంగు సచ్చిపోద్ది. కరెంటు ఎప్పుడొస్తాదో ఏటో. సెయ్యి ఊరుకోనేదు. రెండూ బట్టీలోనే పెట్టీసినాను."

సుందర్ రాజ్‌కు వెంటనే అర్థం కాలేదు. "రెండూ?"

"రెండూ సారూ. తరవాత సెప్దామనుకున్నాను. ఈలోగా మీరంతా కళ్లకి గుడ్డలు కట్టీసుకుని పెద్దమనుషుల్లాగ కూకున్నారు. నోరు పెగల్నేదు."

"ఒకటి గోడ వారన, ఒకటి మధ్యలో పెట్టావేమో?" ఆ ప్రశ్నలోని దీనత్వం ఆయనకే వినబడింది.

"పక్కపక్కనే సారూ. అన్నదమ్ముల్లాగ."

"ఒకదానికి ముందు, ఒకదానికి వెనక..."

"ఒక్క తెడ్డు మీదే ఎల్లినాయి. ఒక్క తెడ్డు మీదే వచ్చినాయి."

అయితే ఆ పొగ? అంగిలి వెనక అంత స్పష్టంగా తగిలిన ఆ తడి సరుగుడు వాసన? ఆయన కళ్లు మూసుకుని నాలుకను అడిగాడు. నాలుక ఇప్పటికీ అదే చెబుతోంది. ఏ ఊళ్లో ఏ భక్తుడూ ఇంతకంటే నిజాయతీగా అబద్ధం చెప్పి ఉండడు.

"మీరు సెప్పమంటే అందరికీ సెప్తాను," అన్నాడు వీర్రాజు. "వద్దంటే మానేత్తాను. బట్టీతో పాటే పోద్ది ఈ మాట."

"బట్టీ పోతే నీకేమీ బాధ లేదా?"

"నాకేటి సారూ, ఇటుకలు. భుజం ఇరిగిపోతంది. మీరందరూ కలిసి దాన్ని గుడి సేసీసినారు."

సుందర్ రాజ్ కాసేపు ఆ నల్లటి గుడిని చూస్తూ నిలబడ్డాడు. ఈ సంగతి బయటపడితే పరీక్ష రద్దవుతుంది. పరీక్ష రద్దయితే బట్టీని కొట్టే హక్కు ఎవరికీ ఉండదు. కానీ ఆ మాట చెప్పడమంటే, లేనిదాన్ని ఉందని చూసినవాళ్లను జీవితమంతా నిలదీసిన మనిషి, కేకు ముక్కలో లేని కరెంటును కనిపెట్టి, లేని తేడా మీద ప్రమాణం చేశాడని పేట మొత్తానికీ ప్రకటించడం. హెన్రీ బతికి ఉన్నన్నాళ్లూ ప్రతి క్రిస్మస్‌కూ చెప్పుకుంటాడు. చెప్పకపోతే గౌరవం మిగులుతుంది. దాన్ని వచ్చే డిసెంబరులో ఇంట్లో ఫ్యాను కింద ఒక్కడే కూర్చుని అనుభవించాలి.

ఆయన మఫ్లరు సవరించుకుని బయటికి వచ్చాడు. సత్యశ్రీని పిలిచాడు.

"పరీక్ష చెల్లదు," అన్నాడు. ఆ తరవాత జరిగినదంతా, ఒక్క విశేషణం కూడా వాడకుండా, ప్రయోగశాల నివేదికలా చెప్పాడు.

అందరికంటే ముందు హెన్రీకి తోచింది.

"అంటే బావా... నువ్వు కనిపెట్టిన కరెంటు కేకు?"

"కరెంటుది కాదు."

"మరి పొగ లేదన్నావు అందులో?"

"అన్నాను."

"తగిలింది, తగిలింది అని అరిసినావు?"

"తగిలింది. అది నాలో ఉన్న పొగ, కేకులోది కాదు."

హెన్రీ బల్ల మీద కూలబడి కడుపు పట్టుకున్నాడు. కాసులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నిటి కంటే గట్టి దెబ్బ గురునాథరావు మెత్తటి గొంతులోంచి వచ్చింది. "నేను మూడూ ఒకటే అన్నాను సార్. మీరే ఒప్పుకోలేదు."

"మీరు చెప్పిందే నిజం," అన్నాడు సుందర్ రాజ్. "నిజం చెప్పడానికి నా నియమాల్లో చోటు లేకపోయింది. క్షమించండి."

సత్యశ్రీ తండ్రి వైపు ఒక చూపు విసిరి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "సరే, దానికేం. రేపు మళ్లీ పెడదాం."

అందరూ మళ్లీ ఆయన వైపు చూశారు. సుందర్ రాజ్ గొంతు సవరించుకున్నాడు.

"తప్పకుండా పెట్టాలి. కాని సక్రమంగా పెట్టాలి. పిండి ఇదే ఉండాలి. ఇందులో పళ్లు అక్టోబరు నుంచి నానినవి, అవి అయిపోయాయి. మళ్లీ నానబెట్టి పిండి కలిపేటప్పుడు వాతావరణం ఇలాగే ఉండాలి, ఎందుకంటే గాలిలో తేమ మారితే పిండి స్వభావం మారుతుంది. ఈ ఊళ్లో ఇంత పొడిగాలి మళ్లీ చలికాలంలోనే. రుచి చూసేవాళ్లు కూడా వీళ్లే ఉండాలి, ఇక్కడే కూర్చోవాలి. కాబట్టి..."

"కాబట్టి వచ్చే డిసెంబరు," అంది సత్యశ్రీ.

"శాస్త్రం తొందరపడదమ్మా. ప్రయోగం ముగిసేదాకా పరికరాలను ధ్వంసం చేయకూడదన్నది కూడా ప్రాథమిక సూత్రం."

జయమణి భర్తను చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన వాదన విని ఆమెకు ముచ్చట వేయడం అరుదు.

సత్యశ్రీ నవ్వు ఆపుకుంది. తరవాత నవ్వడం మానేసింది. "పరికరం ఆగుతుందంకుల్. డిసెంబరు ఒక్క నెలా బట్టీ వెలిగిద్దాం, మిగతా ఏడాదంతా కరెంటు. కానీ నాన్న భుజం ఆగదు. ఈ క్రిస్మస్ దాకా కూడా ఆగదు. తెడ్డు ఎవరు పడతారు?"

ఇస్త్రీ బ్రెడ్డు గురించి అంత మాట్లాడిన హెన్రీ చటుక్కున తేగ ఒలుచుకోవడంలో మునిగిపోయాడు. తాతల నాటి పొగను ప్రేమించే వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట కీళ్ల నొప్పులున్నాయి.

"నేను పడతాను," అన్నాడు సుందర్ రాజ్. తాను పట్టగలడనడానికి ఆయన వద్ద ఏ ఆధారమూ లేదు.

మర్నాడు పొద్దున్న పేట పేటంతా వచ్చి చూసింది. మఫ్లరు తలపాగా అయింది. వీర్రాజు పక్కన స్టూలు మీద కూర్చుని, పడవ నడిపించే సరంగులా ఆజ్ఞలు ఇచ్చాడు.

"లోనికి సూడకండి సారూ, కళ్లు మండుతాయి. తెడ్డు సూడండి. ఒంచండి... అంత కాదు... లాగీయండి బేగి!"

రోజలిన్ డబ్బా ఒకవైపు ఒరిగింది. హెన్రీ లంగరు డబ్బా మరీ లోపలికి పోయి, దాన్ని వెనక్కి తేవడానికి ముగ్గురు పట్టవలసి వచ్చింది. ఆయన వేలి కణుపు ఒకటి కమిలింది. "బాబూ, ఆ తెడ్డు నా సేపల గంప కన్నా బరువేటి? అంతలా మూలుగుతన్నావు!" అని కాసులమ్మ బయటి నుంచి అరిచింది. రెండో రోజుకు చెయ్యి కుదుటపడింది. మూడో రోజుకు డబ్బాలు ఎక్కడ పెట్టాలో వీర్రాజు చెప్పనవసరం లేకపోయింది. హెన్రీ సిగ్గుపడి, బొగ్గులు లాగే పని తాను తీసుకున్నాడు. గోడకు వీపు ఆనించి కూర్చునే సుఖం సుందర్ రాజ్‌కు ఈ ఏడాదికి పోయింది; ఎదురుగా నిలబడితే ముఖం మీద కొట్టే వేడి, అయిపోయాక ఒళ్లు నొప్పులతో తాగే టీ, కొత్తగా వచ్చాయి.

క్రిస్మస్ వారంలో ఒకరోజు తెల్లవారుజామున క్యూ ఎప్పటికంటే పొడవుగా ఉంది. తగరపువలస నుంచి కూడా ఎవరో డబ్బా పట్టుకుని బస్సెక్కి వచ్చారట. రోజలిన్ ముందు నిలబడి, పక్కనున్నావిడకు రహస్యం చెబుతున్నంత గట్టిగా చెబుతోంది.

"మామూలుగా కాదమ్మా, ఈయన చేత్తో పెడుతున్న కాడ్నించీ కేకు వేలెడు ఎత్తు పొంగుతోంది. వీర్రాజు పెట్టినప్పుడు ఇంత వచ్చేది కాదు. ఆ చెయ్యి అలాంటిది. మా వదినకి చెప్పాను, ఆయనున్నప్పుడే ఇవ్వు అని."

"నిజమేనండీ?" అంది పక్కావిడ, తన డబ్బాను రెండు చేతులతో ఆయన వైపు చాస్తూ. "మీ చేత్తో ఒక్కసారి ముట్టుకుని పెట్టండి సార్."

సుందర్ రాజ్ నోరు తెరిచాడు. ఎవరు చూశారు, ఎన్నిసార్లు, ఏ పరిస్థితుల్లో అన్న మూడు ప్రశ్నలూ వరసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. స్టూలు మీద వీర్రాజు, కౌంటరు దగ్గర సత్యశ్రీ, క్యూలో జయమణి, అందరూ ఆయననే చూస్తున్నారు.

ఆయన నోరు మూసుకుని, డబ్బాను ఒక్కసారి ముట్టుకుని, తెడ్డు ముందుకు చాపాడు.